‘వదులు’ అంటే వదిలే కుక్క

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే. మాటల్లోకి వెళ్ళేముందు ఈ వస్తువుని ఒకసారి మీ అందరి చేతుల మీదుగా పంపిస్తాను, ఆ చివర కూర్చున్న అమ్మగారి దాకా వెళ్ళాలి. దీన్ని స్లీవ్ అంటారు, కుక్కకి పట్టుకోవడం, వదలడం నేర్పేటప్పుడు మనిషి చేతికి తొడుక్కునేది. లోపల గట్టి గొట్టం, దాని చుట్టూ మెత్త, పైన గోనెపట్టా లాంటి జనపనార తొడుగు. ఎండిపోయిన చొంగ వాసన వస్తుంది, ఏమనుకోకండి. చెయ్యి లోపలికి దూర్చి చూడండి, బరువుగానే ఉంటుంది. దగ్గరగా పెట్టుకుని చూస్తే ఆ నారలో కుక్క పళ్ళు దిగిన గుంటలు కనిపిస్తాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో గమనించండి. దాదాపు అన్నీ ముంజేతి మధ్య భాగంలోనే ఉన్నాయి, మణికట్టు వైపు గానీ మోచేతి వైపు గానీ ఒకటీ అరా తప్ప లేవు. దాని గురించి కాసేపట్లో చెప్తాను, గుర్తు పెట్టుకోండి.

మన కాలనీలో మొన్న రెండిళ్ళలో దొంగతనం జరిగిన తర్వాత నాలుగైదు ఇళ్ళవాళ్ళు కుక్కల్ని కొన్నారు, కొన్నవాళ్ళలో ముగ్గురు నన్ను అడిగిన మొదటి మాట “ఎటాక్ ట్రైనింగ్ ఎక్కడ ఇప్పించాలండీ” అని. అసోసియేషన్ వాళ్ళు ఈ ఆదివారం మాట్లాడమన్నది కూడా అందుకే. నేను ట్రైనర్‌ని కాదు, నా ఉద్యోగం వేరే. ఉద్యోగం మీద జర్మనీ వెళ్ళి స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఎనిమిదేళ్ళు ఉన్నాను, అక్కడ ఆరేళ్ళు ఒక కుక్కల క్లబ్బులో సభ్యత్వం, నా దగ్గరున్న జర్మన్ షెపర్డ్ చిట్టితో షుట్జ్‌హుండ్ అనే ఆటలో, అంటే వాసన పట్టడం, మాట వినడం, పట్టి వదలడం కలిసిన కుక్కల ఆటలో, మొదటి మెట్టు పరీక్ష పాసయ్యాను. అంతే నా అర్హత. చిట్టికి ఇప్పుడు పదేళ్ళు, ఇంట్లో ఫ్యాను కింద పడుకుని ఉంది. బయట వేపచెట్టు నీడలో ఉన్నవాడు భీమ, రెండేళ్ళవాడు, వాణ్ణి ఇక్కడే పెంచుతున్నాను.

ఈ ఆట పుట్టిన కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే మిగతాదంతా ఏదో సర్కస్‌లా కనిపిస్తుంది. 1899లో బెల్జియంలో గెంట్ నగర పోలీసులు రాత్రి గస్తీకి కుక్కల్ని వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జర్మనీలో, అశ్వికదళంలో పనిచేసిన మాక్స్ ఫాన్ స్టెఫనిట్జ్ అనే ఆయన మరికొందరితో కలిసి జర్మన్ షెపర్డ్ సంఘం పెట్టాడు. షెపర్డ్ అన్న పేరులోనే ఉంది, అది గొర్రెలకాపరి కుక్క. మన పొలాల్లో లాగే అక్కడా పంటకీ మేత భూమికీ మధ్య కంచె ఉండేది కాదు, ఈ కుక్క ఆ గట్టు మీద రోజంతా అటూ ఇటూ తిరుగుతూ గొర్రె పంటలో మూతి పెట్టకుండా చూసేది. కదిలే కంచె అన్నమాట. గొర్రెని ఆపాలి కానీ గాయం చేయకూడదు. రోజుకి ఎన్నో గంటలు, కాపరి ప్రతిసారీ చెప్పకుండానే, తనంతట తాను ఆలోచించుకుని చేయాల్సిన పని. ఫ్యాక్టరీలు వచ్చి మందలు తగ్గిపోతున్న రోజుల్లో ఆయనకి పట్టుకున్న భయం ఏమిటంటే, ఈ కుక్క ఇక చూడ్డానికి అందంగా ఉంటే చాలు అన్నట్టు తయారవుతుంది, లోపలున్న సత్తా పోతుంది అని. అందుకని దాని ముక్కునీ, మాట వినే గుణాన్నీ, ధైర్యాన్నీ పరీక్ష పెట్టి చూడాలన్నారు. ఆ పరీక్షే షుట్జ్‌హుండ్. రక్షించే కుక్క అని అర్థం. తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి, 2019 నుంచి ఐజీపీ అంటున్నారు. అంతర్జాతీయంగా నియమాలు పెట్టేది ఎఫ్‌సీఐ అనే సంస్థ, మన ధాన్యం కొనే ఎఫ్‌సీఐ కాదు, బెల్జియంలో ఉంటుంది.

అంటే ఇది దొంగల్ని పట్టడానికి పుట్టిన శిక్షణ కాదు. ఈ కుక్క పిల్లల్ని కనడానికి తగినదా కాదా తేల్చే పరీక్ష. జర్మనీలో ఆ సంఘం వాళ్ళు బ్రీడింగ్‌కి ఎంపిక చేయాలంటే ఇలాంటి పని పరీక్ష పాసై ఉండాలని పట్టుబట్టేవాళ్ళు. మన దగ్గర “తండ్రి ఛాంపియన్ అండీ” అని ఫోటో చూపించి నలభై వేలు తీసుకుంటారు. దేంట్లో ఛాంపియన్ అని మనం అడగం.

నేను క్లబ్బుకి వెళ్ళిన మొదటి రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ఊరి చివర పొలాల మధ్య ఒక మైదానం, చిన్న రేకుల గది, అందులో కాఫీ. ఒక పోస్ట్‌మ్యాన్, ఒక నర్సు, రిటైరైన ఇద్దరు పెద్దవాళ్ళు, కాలేజీ అమ్మాయి ఒకామె. నేను ఏదో కండలు తిరిగిన మనుషులు, గొలుసులు, అరుపులు ఉంటాయనుకుని వెళ్ళాను. ఆర్నెల్ల పాటు నా కుక్క చేత ఎవ్వరూ ఏదీ పట్టించలేదు. ముందు మైదానం గడ్డి కోయమన్నారు, ఇతరుల కుక్కలకి అడుగుజాడలు వేయమన్నారు, చూస్తూ ఉండమన్నారు. చిట్టికి నడిరోడ్డు మీద మనుషుల మధ్య, సైకిళ్ళ మధ్య, వేరే కుక్కల పక్కన బెదరకుండా, ఎగబడకుండా నడవడం వచ్చాకే మిగతాది. దానికి విడిగా ఒక పరీక్ష ఉంది, అది పాసవ్వకుండా ఐజీపీ రాయనివ్వరు. ఊళ్ళో పదిమంది మధ్య తిప్పలేని కుక్కకి అక్కడ ఎవరూ స్లీవ్ చూపించరు. ఈ ఒక్క ముక్క మన ఊళ్ళలో పాటిస్తే చాలు అనిపిస్తుంది నాకు.

ఐజీపీలో మూడు భాగాలు, ఒక్కోదానికి వంద మార్కులు, ప్రతి భాగంలోనూ కనీసం 70 రావాలి. ఒకదాంట్లో 99 వచ్చి ఇంకోదాంట్లో 65 వస్తే ఫెయిలే. బాగా పట్టుకుంటుంది కానీ మాట వినదు అనే కుక్కకి అక్కడ చోటు లేదు.

మొదటిది ట్రాకింగ్, అంటే వాసన పట్టి అడుగుజాడ వెంట వెళ్ళడం. నాకు మూడింటిలోకీ ఇదే ఇష్టం. తెల్లారగట్ల మంచు పడిన గడ్డిలోంచి ఒక మనిషి నడిచి వెళ్తాడు, దారిలో తోలు ముక్క, చెక్క ముక్క లాంటి చిన్న వస్తువులు పడేస్తాడు. పై మెట్టు పరీక్షలో అయితే ఆ మనిషి కుక్కకి పరిచయం లేనివాడు, కనీసం ఆరు వందల అంగల జాడ, నాలుగు మలుపులు, పైగా ఆయన వెళ్ళి గంట అయ్యాకే కుక్కని వదులుతారు. నలిగిన గడ్డికీ, కదిలిన మట్టికీ, మనిషికీ కలిపి ఒక వాసన ఉంటుంది, దాన్ని పట్టుకుని కుక్క నడవాలి, పరిగెత్తకూడదు. మనం పది మీటర్ల తాడు పట్టుకుని వెనకాల పోవడమే, ఒక్క మాట సాయం చేయకూడదు. చిట్టి మలుపు దగ్గరికొస్తే ఏం చేసేదో చెప్తాను. జాడ తెగిపోయిందని తెలిసిన క్షణంలో ముక్కులోంచి బుస్సుమని గాలి వదిలేది, తల ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి, ఆ తర్వాత మెడ కిందకి వంగేది, నా చేతిలో తాడు మళ్ళీ బిగుసుకునేది. వస్తువు దొరికితే దాన్ని ముట్టుకోకుండా రెండు ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని పడుకునేది. మనిషికి ఏమీ కనిపించని ఖాళీ పొలంలో అది ఒక రాసిన కాగితం చదువుతున్నట్టు వెళ్తుంటే వెనక నడిచేవాడికి నోట మాట రాదు.

రెండోది విధేయత. పక్కన నడవడం, కూర్చోవడం, పడుకోవడం, విసిరిన డంబెల్ తేవడం, అడ్డుకట్ట దూకి తేవడం. మధ్యలో తుపాకీ శబ్దం చేస్తారు, కుక్క బెదిరిపోకూడదు. దీపావళి రోజు మంచం కిందికి దూరే కుక్కలు మనలో చాలామందికి తెలుసు, పాపం వాటి తప్పు కాదది, కానీ అలాంటి నరాలున్న కుక్కని కాపలా పనికి పెట్టడం మాత్రం మన తప్పు.

ఇక మూడోది, మీరందరూ వినడానికొచ్చింది. మైదానంలో అటు మూడు ఇటు మూడు, మొత్తం ఆరు గుడారాల్లాంటి చాట్లు ఉంటాయి. ఒకదాని వెనక హెల్పర్ దాక్కుంటాడు. ఈ స్లీవ్ వేసుకునే మనిషిని హెల్పర్ అంటారు, కొన్ని ఆటల్లో డికాయ్ అంటారు. పేరుకి శత్రువు వేషం, నిజానికి కుక్కకి అసలు గురువు ఆయనే. కుక్క పరిగెత్తుకుంటూ ఒక్కో చాటూ వెతికి, ఆయన్ని కనిపెట్టాక ఏం చేయాలి? కరవాలని అనుకుంటున్నారు కదా. కరవకూడదు. ఆయన కదలకుండా నిలబడి ఉంటాడు, కుక్క ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ, గొంతు నిండా మొరగాలి. ముట్టుకున్నా మార్కులు పోతాయి. మొరిగే కుక్క కరవదని మనకో సామెత ఉంది, వీధుల్లో దాన్ని నమ్మకండి, భయంతో మొరిగే కుక్క కరవచ్చు కూడా. కానీ ఈ మైదానంలో అది అక్షరాలా నియమం. ఎదుటివాడు పారిపోబోయినా, మీద పడబోయినా అప్పుడే పట్టుకోవాలి, ఆగిపోతే వదిలేయాలి.

జర్మన్‌లో ‘ఆవుస్’ అంటారు, వదులు అని. మొదటిసారి చెప్పాక వదలకపోతే మార్కులు కోస్తారు, ఇంకో రెండుసార్లు చెప్పే అవకాశం ఇస్తారు, అప్పటికీ వదలకపోతే ఆ కుక్క పోటీ నుంచి బయటికే. అంతకుముందు ఎంత అద్భుతంగా చేసినా సరే. ముప్ఫై కిలోల కుక్క, ఒళ్ళంతా ఆవేశం, నోట్లో తనకి ప్రాణమైన వస్తువు, ఎదురుగా తనని కవ్వించిన మనిషి. దూరంగా నిలబడ్డ యజమాని ఒక్క మాట అంటే నోరు తెరిచి వెనక్కి తగ్గి, కళ్ళు మాత్రం హెల్పర్ మీద నుంచి తీయకుండా కూర్చుంటుంది. నాకు ఇందులో గొప్ప అనిపించేది అదే.

ఇది ఎలా నేర్పుతారు? కొట్టి నేర్పేవాళ్ళు ఉన్నారు, దాచిపెట్టను. ఈ ఆట చరిత్రలో క్రూరమైన పద్ధతులు చాలా ఉన్నాయి, ముళ్ళ పట్టీలు, కరెంటు పట్టీలు వాడారు, కొన్ని దేశాల్లో ఇప్పటికీ వాడుతున్నారు. జర్మనీలో 2022 జనవరి నుంచి శిక్షణలో ముళ్ళ పట్టీల్లాంటి నొప్పి కలిగించే పరికరాలు నిషేధం, అప్పుడు కొన్ని పోలీసు కుక్కల విభాగాల్లోనే పెద్ద గొడవ నడిచింది. నాకు నేర్పిన హెల్పర్ పద్ధతి వేరు. కుక్క పట్టుకుని గుంజుతున్నంతసేపూ ఆయన గుంజేవాడు, ఆట జోరుగా ఉండేది. ఒక్కసారిగా చెయ్యి ఒంటికి ఆనించుకుని కట్టె అయిపోయేవాడు. ప్రాణం లేని వస్తువుతో ఏం ఆట? కుక్క కాసేపు పీకి, విసుగొచ్చి వదిలేసేది. వదిలి కూర్చున్న మరుక్షణం ఆయన మళ్ళీ ప్రాణం పోసుకుని కదిలేవాడు, మళ్ళీ పట్టుకోనిచ్చేవాడు. పది పదిహేను రోజులకి చిట్టికి లెక్క అర్థమైపోయింది: వదిలితే ఆట ఆగదు, వదిలితేనే ఆట మళ్ళీ మొదలవుతుంది. అప్పటినుంచి ‘వదులు’ అన్న మాట దానికి శిక్షలా వినపడలేదు.

ఇప్పుడా స్లీవ్ ఎవరి దగ్గరుంది? పైకెత్తండి ఒకసారి. ఆ గుంటలు మధ్యలోనే ఎందుకున్నాయంటే, నిబ్బరంగా ఉన్న కుక్క నోరు పూర్తిగా తెరిచి, దవడ చివరి పళ్ళ దాకా నిండుగా పట్టుకుని, అలాగే మౌనంగా ఉండిపోతుంది. గుర్రుమనదు, నమలదు, పట్టు మార్చదు. కళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. భయంతో కరిచే కుక్క ముందుపళ్ళ చివర్లతో పట్టుకుంటుంది, వదిలి ఇంకోచోట, మళ్ళీ ఇంకోచోట పట్టుకుంటుంది, గుర్రుమంటూనే ఉంటుంది, చెవులు వెనక్కి, తోక కిందికి. అలాంటి కుక్క పట్టిన స్లీవ్ అయితే కొన నుంచి కొన దాకా చిరుగులే ఉండేవి. జడ్జీలు మార్కులు వేసేటప్పుడు చూసేది ఇదే. వేట మీద ఆశతో పట్టుకునే కుక్కకి అది ఆట. ప్రాణభయంతో కరిచే కుక్కకి అది చావు బతుకుల సమస్య, దానికి మీరు ‘వదులు’ అంటే ఎలా వినపడుతుంది?

మా పెదనాన్న వాళ్ళింట్లో జరిగింది చెప్తాను, ఇది చెప్పాలనే నేను ఈ సభకి ఒప్పుకున్నాను. ఊరి చివర మామిడితోటలో ఇల్లు, కాపలాకని పది నెలల షెపర్డ్‌ని కొన్నారు, రాజా అని పేరు. మంచి పిల్ల, పాలవాడు వస్తే తోక ఊపుకుంటూ ఎదురెళ్ళేది. “ఇలా అయితే కాపలా ఏం కాస్తుంది” అని ఒకాయన దగ్గర ఇరవై రోజుల ఎటాక్ కోర్సుకి పంపారు. నేను అప్పుడు జర్మనీలో ఉన్నాను, ఫోన్‌లో వీడియో పంపారు, గొప్పగా ఉందని. చూస్తే కుక్కని చెట్టుకి పొట్టి గొలుసుతో కట్టేశారు. ఒకడు గోనెసంచి, కర్ర పట్టుకుని మీదకొస్తున్నాడు, కొడుతున్నాడు, అది వెనక్కి పోవడానికి చోటు లేక అరుస్తోంది, చివరికి సంచి అంచు పట్టుకుంటే వాడు వెనక్కి తగ్గుతున్నాడు. అందరూ చప్పట్లు. ఆ కుక్క నేర్చుకున్నది ఒక్కటే, మనిషి చేతిలో కర్ర ఉంటే నేనే ముందు కరవాలి అని. వదలమని ఎవరూ నేర్పలేదు, ఆ ఇరవై రోజుల్లో ఆ మాటే లేదు. నేను పెదనాన్నకి ఫోన్ చేసి “ఇది తప్పు పద్ధతి” అన్నాను, కానీ గట్టిగా పట్టుబట్టలేదు, పెద్దాయన ముచ్చటపడుతున్నాడు కదా అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

రెండు నెలల తర్వాత పెదనాన్నే మోకాలు నొప్పికి చేతికర్ర పట్టుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రం పూట కర్ర తాటించుకుంటూ గేటులోంచి వచ్చారు. రాజా ఆయన ముంజేతిని మూడుచోట్ల పట్టి వదిలి, వదిలి పట్టింది. పదకొండు కుట్లు. టీకాలు వేయించుకున్నారు, ఆయన కోలుకున్నారు. రాజాని తర్వాత ఎవ్వరూ గొలుసు విప్పలేదు. బతికినన్నాళ్ళూ ఆ మామిడిచెట్టు కిందే ఉంది. పాలవాడికి ఎదురెళ్ళిన కుక్క అది.

మరి పోలీసు, ఆర్మీ కుక్కలో అని అడుగుతారు. మన దగ్గర మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో, ఆంధ్రాలో మంగళగిరి ఆరో బెటాలియన్‌లో పోలీసు కుక్కలకి నేర్పుతారు. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్‌ఎఫ్ కేంద్రం 1970 నుంచి ఉంది. అక్కడ కుక్కకి ఒక హ్యాండ్లర్, నెలల తరబడి ఇద్దరూ కలిసే నేర్చుకుంటారు, పైగా వాటిలో చాలా వాటి పని బాంబులో మత్తుమందులో వాసన పట్టడం, కరవడం కానే కాదు. 2022 అక్టోబరులో అనంతనాగ్‌లో తూటాలు తగిలినా పని ఆపని ఆర్మీ కుక్క జూమ్ గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. అది ప్రాణమిచ్చింది. దాని వెనక ఒక వ్యవస్థ మొత్తం ఉంది. మనింట్లో ఆ వ్యవస్థ లేదు. హాలండ్‌లో మాత్రం కేఎన్‌పీవీ అని 1907లో పెట్టిన సంఘం ఉంది, మామూలు జనం సరదాగా పెంచి, శిక్షణ ఇచ్చి, పరీక్ష పాసైన కుక్కల్ని పోలీసులకి అమ్ముతారు. ఫ్రాన్స్‌లో రింగ్ అని ఇంకో ఆట, అందులో హెల్పర్ ఒళ్ళంతా సూట్ వేసుకుంటాడు. వాటి గురించి ఆసక్తి ఉన్నవాళ్ళకి తర్వాత విడిగా చెప్తాను.

చట్టం సంగతి ఒక్క ముక్క. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం మీ జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకూ జైలు, ఐదు వేల వరకూ జరిమానా, లేదా రెండూ. గేటు మీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు పెట్టాం కదా, ఇక మన పూచీ లేదు అనుకోకండి. గేటు లోపలికి వచ్చేవాళ్ళంతా దొంగలు కాదు. గ్యాస్ అబ్బాయి వస్తాడు, బంతి కోసం గోడ దూకి పక్కింటి పిల్లాడు వస్తాడు.

ఏదో అడుగుతున్నారు, చెప్పండి అంకుల్. ... ఆ, అర్థమైంది. రేపు మా ఇంట్లో దొంగ పడితే భీమ పట్టుకుంటాడా అని. ఉన్నమాట చెప్తాను, నేను వాడికి అది నేర్పలేదు. చాలా ఆట కుక్కలకి స్లీవ్ అంటేనే లోకం, స్లీవ్ లేని మనిషిని చూసి “నీ చెయ్యేది” అన్నట్టు నిలబడతాయి. మీ ఇంటికి కావలసింది కరిచే కుక్క కాదండీ. రాత్రి అలికిడికి లేచి మొరిగి, మిమ్మల్ని లేపి, లైటు వేయించే కుక్క చాలు. దొంగ అక్కడే మనసు మార్చుకుంటాడు. దానికి ఏ కోర్సూ అక్కర్లేదు, కుక్కని ఇంటి మనుషుల మధ్య పెంచితే, రోజంతా గొలుసుకి కట్టేయకపోతే, ఆ పని అది పుట్టుకతోనే చేస్తుంది. మీకు నిజంగా ఈ ఆట మీద మనసుంటే, పిల్లప్పుడు గుడ్డపీలికతో ఆడించండి, గెలవనివ్వండి. నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి, అప్పుడు గట్టిగా గుంజకండి, నోరు నొప్పెడితే ఆట మీదే విరక్తి పుడుతుంది. కుక్కని ట్రైనర్‌కి అప్పగించి ఇంటికి రాకండి, మీరే పక్కన నిలబడి నేర్చుకోండి. ట్రైనర్‌ని మొదటి రోజే అడగండి, “వదలడం ఎలా నేర్పుతారు, నాకు చూపించండి” అని. చూపించలేకపోతే అక్కడినుంచి వచ్చేయండి.

ఇంక ఎండెక్కుతోంది, ఏడున్నర దాటితే నేను భీమ చేత పని చేయించను. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది, నోట్లో స్లీవ్ ఉంటే సరిగ్గా రొప్పలేదు, మన ఎండలకి నిమిషాల్లో ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి ఇప్పుడే బయటికి వెళ్దాం. అందరూ ఆ పసుపు తాడుకి ఇవతలే నిలబడాలి, పిల్లల్ని చెయ్యి పట్టుకోండి, ఎవరూ పిలవొద్దు, ఈల వేయొద్దు. వాడు పట్టుకున్నప్పుడు కాదు, నేను ‘వదులు’ అన్నప్పుడు వాడి నోరు, చెవులు చూడండి. ఆ స్లీవ్ ఇలా ఇవ్వండి తల్లీ, దానికోసమే అక్కడ ఎదురుచూస్తున్నాడు.